ముసలి పిల్లి కరిస్తే అంతా చాదస్తమేనా

ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో తిరిగిన పిల్లి ఉన్నట్టుండి మారిపోతుంది. నడుం మీద చెయ్యి వేస్తే బుస్సుమంటుంది, అర్ధరాత్రి గది మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరుస్తుంది, మలమూత్రాలకి పెట్టిన ఇసుకపెట్టె, అదే లిట్టర్ బాక్సు, పక్కనే ఉన్నా నేల మీద పోస్తుంది, నిన్న ఎగబడి తిన్నదాన్నే ఇవాళ వాసన చూసి మొహం తిప్పేసుకుంటుంది. చూసినవాళ్లంతా చెప్పేది ఒకటే మాట, వయసైపోయింది కదా, చాదస్తం. మొదటినుంచీ కాస్త కోపిష్టి పిల్లి అయితే ఆ మాట కూడా అనరు, దాని తీరే అంత అని వదిలేస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెత్తని స్వభావం ఉన్న పిల్లి నలతపడితే ఇంట్లోవాళ్లకి ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఒళ్లోకి రావడం మానేసిందనో, కాళ్లకి రాసుకోవడం లేదనో పట్టుకుంటారు. ఎప్పుడూ ఎవరి దగ్గరికీ రాని పిల్లి విషయంలో అలా పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు. ముట్టుకోనివ్వదు కాబట్టి ఒంటి మీద గడ్డ లేచినా చేతికి తగలదు, పిల్లిని మోసుకెళ్లే పెట్టె, అదే క్యారియర్, కనబడితే మంచం కిందికి దూరుతుంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతూనే ఉంటుంది, తీరా జబ్బు బయటపడ్డాక మందు మింగించేసరికి మనుషుల తలప్రాణం తోకకొస్తుంది. అంటే ఎక్కువ సాయం కావలసిన పిల్లికే తక్కువ వైద్యం అందుతోందన్నమాట. అందుకని ఇలాంటి పిల్లికి ఉన్న వైద్యమంతా చేయించి తీరాలని పట్టుబట్టడం కంటే, అది దేనివల్ల బాధపడుతోందో ముందు కనిపెట్టి, దాని ఓపికకీ ఇంట్లోవాళ్ల ఓపికకీ తట్టుకునేంత వైద్యాన్ని ఎంచుకోవడం మేలు. ఈ ఎంపిక డాక్టరుతో కలిసి చేసేదే, డాక్టరుని తప్పించుకుని చేసేది కాదు.

ముసలి అంటే ఎంత అన్నదానికి లెక్క ఉంది. అమెరికాలోని జంతు ఆసుపత్రుల సంఘం, పిల్లుల వైద్యుల సంఘం కలిసి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 7 నుంచి 10 ఏళ్ల పిల్లి నడివయసుది, 10 దాటితే సీనియర్. సీనియర్ పిల్లిని కనీసం ఆరు నెలలకోసారి చూపించమంటారు. ఏడాదికోసారి చాలదా అంటే, పిల్లి వయసు మనిషి వయసు కంటే చాలా వేగంగా నడుస్తుంది, ఏడాదిలో కిడ్నీల పరిస్థితి ఎక్కడినుంచి ఎక్కడికైనా పోవచ్చు.

నొప్పిని దాచుకోవడంలో పిల్లిని మించింది లేదు. అది వేటాడే జంతువే కానీ ఒళ్లు చిన్నది, తనకంటే పెద్ద జంతువుకి తను ఆహారం కూడా. నీరసంగా కనబడితే ప్రాణానికే ముప్పు కాబట్టి కుంటడం, మూలగడం లాంటివి చెయ్యదు, కదలడం తగ్గించేస్తుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో మొహం చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలతని ప్రచురించారు, దాన్ని ఫెలైన్ గ్రిమేస్ స్కేల్ అంటారు. చెవులు పక్కకి తిరిగి చదునుగా అయ్యాయా, కళ్లు సగం మూతలు పడుతున్నాయా, మూతి బిగుసుకుందా, మీసాలు తిన్నగా ముందుకి నిక్కాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10లో 4 వచ్చినా దాటినా నొప్పి మందు అవసరం ఉండొచ్చని అర్థం. ఇది ముఖ్యంగా అప్పటికప్పుడు వచ్చిన నొప్పికి పనికొచ్చేది, ఏళ్లుగా ముదిరిన కీళ్లనొప్పి దీనికి అంతగా దొరకదు. అయినా ముట్టుకోనివ్వని పిల్లికి ఇది వరం లాంటిది, గదికి ఆ చివర కూర్చుని కూడా చూడొచ్చు కదా.

కీళ్లనొప్పి సంగతికొస్తే, అమెరికాలో 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 ఏళ్లు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 శాతం పిల్లుల్లో కీళ్లు అరిగిన గుర్తులు కనబడ్డాయి. ఎక్స్‌రేలో కనబడిన ప్రతి పిల్లికీ నొప్పి ఉండి తీరాలని లేదు, కానీ ముసలి పిల్లి విసుక్కుంటే ముందు అనుమానించాల్సింది కీళ్లనే. కనిపెట్టడం ఎలాగంటే, అది సోఫా ఎక్కేటప్పుడు గమనించాలి. ఒకప్పుడు నేల మీదనుంచి ఒక్క ఊపున ఎగిరి కూర్చునేది. ఇప్పుడు సోఫా ముందుకొచ్చి ఆగుతుంది, తలెత్తి చూస్తుంది, వెనక కాళ్లు ఒకటికి రెండుసార్లు సర్దుకుంటుంది, ముందు పంజాలు అంచు మీద వేసి గోళ్లతో పట్టుకుని మిగతా ఒంటిని పైకి లాక్కుంటుంది. ఒక్కోసారి అంతా చేసి మనసు మార్చుకుని, తనకి ఎక్కాలనే లేదన్నట్టు అక్కడే కూర్చుని కాలు నాక్కుంటుంది. వీపు చివర, తోక మొదట్లో బొచ్చు జడలు కట్టిందంటే నడుం వంచి నాక్కోలేకపోతోందన్నమాట. గోళ్లు దళసరిగా పెరిగి నడుస్తుంటే నేల మీద టకటకమని వినబడతాయి, కొన్ని వంపు తిరిగి పంజా మెత్తలోకే గుచ్చుకుంటాయి కూడా. అలాంటి పిల్లిని నడుం కింద చెయ్యి వేసి ఎత్తితే కరవక ఏం చేస్తుంది?

కీళ్ల తర్వాత చూడాల్సింది థైరాయిడ్. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం బాగా మామూలైన జబ్బు. పిల్లుల్లో ఈ జబ్బుని మొదటిసారి వైద్య సాహిత్యంలోకి ఎక్కించింది 1979లో. ఇందులో మోసం ఏమిటంటే పిల్లి బాగున్నట్టే కనబడుతుంది, తిండి ఎక్కువ తింటుంది, కుర్రపిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. బరువు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది, గుండె వేగం పెరుగుతుంది, చిరాకు పెరుగుతుంది, రాత్రిళ్లు నిద్రపోదు, నిద్రపోనివ్వదు. మామూలు రక్తపరీక్షతో చాలావరకు తేలిపోయే విషయం ఇది.

థైరాయిడ్‌కీ, కిడ్నీలకీ, బీపీకీ ఒకదానితో ఒకటి ముడి ఉంది. అతిగా పనిచేసే థైరాయిడ్ కిడ్నీలకి రక్తప్రవాహాన్ని పెంచి వాటి బలహీనతని కప్పిపెడుతుంది, థైరాయిడ్‌కి మందు మొదలెట్టాక కిడ్నీ జబ్బు బయటపడటం అందుకే. మందు వల్ల కిడ్నీలు పాడయ్యాయని చాలామంది బెదిరిపోయి మానేస్తారు, ఉన్నది బయటికి వచ్చిందంతే. ఈ రెండు జబ్బుల్లో ఏదున్నా బీపీ పెరగొచ్చు. పై రీడింగు 160 దాటి నిలబడితే కళ్లకి, మెదడుకి, గుండెకి, కిడ్నీలకి దెబ్బ తగిలే అవకాశం ఉందని లెక్క. బీపీ పెరిగిన పిల్లి కంటి వెనకపొర ఊడి ఒక్కరోజులో చూపు పోగొట్టుకోవచ్చు, కంటిపాప పెద్దదైపోయి వెలుతురులో కూడా చిన్నదవదు, గోడలకి తగులుతూ నడుస్తుంది. అర్ధరాత్రి అరుపులకి కూడా బీపీ ఒక కారణం. క్లినిక్‌లో భయంతో రీడింగు పెరుగుతుంది కాబట్టి పిల్లి కాస్త కుదుటపడ్డాక నాలుగైదుసార్లు తీసి సగటు చూస్తారు.

ఈ జబ్బులేవీ కాదని తేల్చుకున్నాకే మతిమరుపు గురించి మాట్లాడాలి. పిల్లులకీ వయసుతో మెదడు మందగిస్తుంది, మనుషుల అల్జీమర్స్‌లో కనబడే అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం వాటి మెదడులోనూ చూశారు. 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతం, 15 దాటినవాటిలో సగానికి పైగా ఇలా వయసుతో వచ్చిన ప్రవర్తన మార్పు ఏదో ఒకటి చూపిస్తాయని ఒక అధ్యయనం అంచనా. తెలిసిన గదిలోనే దారి తప్పడం, మూలకి పోయి అక్కడే నిలబడిపోవడం, తిన్న పది నిమిషాలకే మళ్లీ తిండికి అరవడం, పగలూ రాత్రీ తారుమారవడం, ఇవన్నీ దీని గుర్తులు. కానీ దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు, మిగతావి కాదని తేలాకే ఈ పేరు పెట్టాలి. పిల్లికి మతిమరుపు వచ్చిందని ఇంట్లోనే తేల్చేసి కూర్చుంటే బీపీ మందుతో తగ్గిపోయే అరుపుని ఏడాదిపాటు భరిస్తూ కూర్చోవలసి వస్తుంది.

అరుపుకి కారణం ఏదైనా ఆ రాత్రి గడవాలి కదా. లేచి వెళ్లి తిండి పెడితే అరిస్తే తిండి వస్తుందని నేర్చుకుంటుంది, కసిరితే భయం పెరిగి ఇంకా అరుస్తుంది. పడుకునే ముందు కాస్త ఆడించి తిండి పెట్టడం, రాత్రి ఫీడరు టైముకి తెరుచుకునేలా పెట్టడం, నడిచే దారిలో చిన్న లైటు వదలడం, మెత్తని వెచ్చని పడక ఏర్పాటు చేయడం కొంత పనిచేస్తాయి. చెవుడు వచ్చిన పిల్లి తన అరుపు తనకి వినబడక మరీ గట్టిగా అరుస్తుంది, దాన్ని వెనకనుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి రక్కుతుంది కూడా. ఎదురుగా వెళ్లి కనబడాలి, లేదా అడుగుల అదురు తెలిసేలా నడవాలి.

ఇక లిట్టర్ బాక్సు గొడవ. కొత్త ఇళ్లు వెతుక్కోవాల్సిన పరిస్థితి పిల్లులకి ఎక్కువగా తెచ్చిపెట్టే కారణాల్లో ఇదొకటి, పగబట్టి పోస్తోందని మనుషులు నమ్మేది కూడా ఇక్కడే. పిల్లికి పగ లేదు. కిడ్నీ జబ్బు, షుగరు ఉన్న పిల్లి ఎక్కువసార్లు ఎక్కువ పోస్తుంది, బాక్సు త్వరగా నిండిపోతుంది, తడి లిట్టరులో కాలు పెట్టడం దానికి అసహ్యం. కీళ్లనొప్పి ఉన్నదానికి ఎత్తైన అంచు దాటడమే శిక్ష. మలబద్ధకం ఉంటే ఆ నొప్పిని బాక్సుతో ముడిపెట్టుకుని అటువైపే పోదు. ఒకవైపు అంచు బాగా కిందికి కోసిన పెద్ద బాక్సు, పిల్లి ఎక్కువగా ఉండే చోటికి దగ్గరలో, మెట్లు ఎక్కక్కర్లేకుండా, రోజుకి రెండుసార్లు శుభ్రం చేస్తూ పెడితే సగం గొడవ సద్దుమణుగుతుంది. మిగతా సగానికి వాటర్‌ప్రూఫ్ షీట్లు పరిచేసి ఊరుకోవడమే, అందులో నామోషీ ఏమీ లేదు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని చుక్క కూడా పొయ్యకపోతే మాత్రం మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగే విషయం కాదది.

ముట్టుకోనివ్వని పిల్లిని ముట్టుకోకుండానే ఎంత తెలుసుకోవచ్చో చాలామంది ఊహించరు. గడ్డకట్టే రకం లిట్టరు వాడితే రోజుకి ఎన్ని ఉండలు, ఎంతెంతవి అన్నది కళ్లముందే ఉంటుంది, ఉండలు పెద్దవవుతున్నాయంటే కిడ్నీయో షుగరో అనుకోవచ్చు. నిద్రలో డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషం లెక్కపెడితే గుండె, ఊపిరితిత్తుల సంగతి కొంత తెలుస్తుంది, గాఢనిద్రలో నిమిషానికి 30కి మించి పదేపదే వస్తుంటే డాక్టరుకి చెప్పాలి. బరువు చూడటానికి దాన్ని ఎత్తుకుని త్రాసు ఎక్కడం కుదరదు కాబట్టి పసిపిల్లల త్రాసుని నేల మీద శాశ్వతంగా పడేసి, దాని మీదే చిన్న తువ్వాలు పరిచి తిండి గిన్నె పెట్టడం మొదలెడితే కొన్నాళ్లకి అదే ఎక్కి నిలబడుతుంది. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే ఒంట్లో పదో వంతు పోయినట్టు, బొచ్చు కింద అది కంటికి ఆనదు. నడక, మెట్లు దిగడం, దగ్గు, రాత్రి అరుపు ఫోన్లో వీడియో తీసుకెళ్తే మరీ మంచిది, ఎందుకంటే క్లినిక్ బల్ల మీద పిల్లి బిగుసుకుపోయి కూర్చుంటుంది, డాక్టరుకి ఏమీ చూపించదు.

తిండి దగ్గర మనుషులకి వచ్చే టెన్షన్ మిగతా అన్నిటికంటే ఎక్కువ. పిల్లి రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే, అందులోనూ లావుపాటి పిల్లి అయితే, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఒక రోజంతా ముట్టకపోతే ఫోను చెయ్యడమే నయం. తినకపోవడానికి కారణం పేచీ అనుకుంటారు గానీ వికారం, పంటినొప్పి, ముక్కు మూసుకుని వాసన తెలియకపోవడం, ఈ మూడే ఎక్కువ. గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, వాసన చూసి, నాలుకతో మూతి తుడుచుకుని వెనక్కి తగ్గే పిల్లికి ఆకలి ఉంది, కడుపులో తిప్పుతోంది. దానికి వాంతి తగ్గించే మందులున్నాయి, ఆకలి పెంచే మందులూ ఉన్నాయి. మిర్టజపిన్ అనే మందు చెవి లోపలి చర్మం మీద రాసే ఆయింట్‌మెంట్‌గా కూడా వచ్చింది, మాత్ర మింగని పిల్లికి అది పెద్ద వెసులుబాటు. తడి ఫుడ్డుని కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన లేచి కొన్ని తింటాయి. కిడ్నీ జబ్బుకి ఫాస్ఫరస్ తక్కువ ఉన్న ప్రత్యేకమైన ఫుడ్డు మంచిదే, దాని మేలుకి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి, కానీ వికారంగా ఉన్న రోజుల్లో బలవంతంగా పెడితే ఆ ఫుడ్డు అంటేనే అసహ్యం పుడుతుంది. ససేమిరా తినని పిల్లికి ఏదో ఒకటి తినడమే ముఖ్యం. ఈ మాట డాక్టర్లు కూడా చెప్తారు, అడిగితే.

ఇక మందులు. కోపిష్టి పిల్లి ఉన్న ఇంట్లో అన్నీ తేలేది ఇక్కడే. నాలుగు జబ్బులున్న ముసలి పిల్లికి నాలుగు మందులు రాస్తారు, రెండు పూటలా. చీటీలో బాగానే ఉంటుంది. ఇంటికొచ్చాక మొదటి మాత్రకి ఇద్దరు మనుషులు, ఒక తువ్వాలు, రెండు గాట్లు. మూడో రోజుకి పిల్లి మాత్ర డబ్బా చప్పుడు వినగానే మాయం. వారం తిరిగేసరికి తిండి గిన్నె దగ్గరికి రావడం కూడా మానేస్తుంది, గిన్నె పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి. అప్పటికి మందు వల్ల జరిగిన మేలు కంటే తినకపోవడం వల్ల జరిగిన కీడు ఎక్కువ. ఇంట్లోవాళ్లు మందు ఆపేస్తారు, సిగ్గుపడి ఆ సంగతి డాక్టరుకి చెప్పరు. డాక్టరేమో మందు పనిచేయట్లేదనుకుని మోతాదు పెంచుతారు. ఇది లోకమంతా జరిగేదే, ఎవరూ ఒప్పుకోరంతే.

దీనికి విరుగుడు మొదటి రోజే ఒక ప్రశ్న అడగడం. ఈ నాలుగిట్లో ఒక్కటే ఇవ్వగలిగితే ఏది ఇవ్వాలి, రెండు ఇవ్వగలిగితే ఏవి? మంచి డాక్టరు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. సాధారణంగా నొప్పి, వికారం, బీపీ పైకి వస్తాయి, చూపు పోకుండా, తిండి మానకుండా చూసేవి కనక. సప్లిమెంట్లు కిందికి పోతాయి, వాటిలో చాలావాటికి ఆధారాలు కూడా అంతంతే. తర్వాత ప్రశ్న, ఇదే మందు ఇంకో రూపంలో ఉందా? థైరాయిడ్‌కి వాడే మెథిమజోల్‌ని చెవి మీద రాసే జెల్‌గా తయారుచేయిస్తారు, రాసేవాళ్లు గ్లౌజు వేసుకోవాలి, లేకపోతే మందు మనిషి ఒంట్లోకి పోతుంది. అసలు మందే అక్కర్లేని దారి రేడియోధార్మిక అయోడిన్ ఇంజెక్షన్, చాలా పిల్లులకి ఒక్క డోసుతోనే థైరాయిడ్ నయమవుతుంది, కాకపోతే కొన్నాళ్లు ప్రత్యేకమైన వార్డులో ఒంటరిగా ఉంచాలి, ఖర్చు ముందే పడుతుంది, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. రోజుకి రెండుసార్లు పోట్లాడే పిల్లికి ఇది ఖరీదైన విలాసమని కొట్టిపారేయకూడదు. కీళ్లనొప్పికి నెలకోసారి ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, సొలెన్సియా పేరుతో అమ్ముతారు, 2022 జనవరిలో అమెరికాలో మందులని పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందింది, జంతువుల కోసం ఆ సంస్థ అనుమతించిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబులో తయారుచేసిన ప్రొటీన్ మందు) ఇదే. నెలకి ఒక్క పోటు, మిగతా రోజుల్లో పోట్లాట లేదు.

షుగరు ఉన్న పిల్లి విషయంలో జనానికి ఇన్సులిన్ అంటే హడలు, కానీ సూది సన్నం, తింటూ ఉండగా వీపు మీద చర్మం పైకెత్తి గుచ్చితే చాలా పిల్లులు తలెత్తవు. చిత్రమేమిటంటే మాత్రకి పులిలా మారే పిల్లి సూదికి ఊరుకోవడం తరచూ కనబడేదే. చర్మం కింద సెలైన్ ఎక్కించడం కూడా అంతే, కొన్ని హాయిగా కూర్చుంటాయి, కొన్ని అసలు పడనివ్వవు. పడనివ్వని పిల్లికి రోజూ బలవంతంగా ఎక్కించి మిగిలిన నెలల్ని దానికి భయంతో నింపడం ఎందుకు?

మాత్రే గతి అయితే దాని వెంట సిరంజితో కొంచెం నీళ్లో, కాస్త తడి ఫుడ్డో పోనివ్వాలి. పొడిగా మింగిన మాత్ర ఆహారనాళంలోనే ఇరుక్కుని పుండు చేయొచ్చు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఈ విషయంలో పేరుమోసింది. మందు వేసేచోటూ తిండి పెట్టేచోటూ వేరుగా ఉంచడం మంచిది. మనుషుల నొప్పి మాత్రల జోలికి మాత్రం అస్సలు పోకూడదు. పారాసెటమాల్‌ని విరగ్గొట్టే ఎంజైము పిల్లి కాలేయంలో సరిపడా లేదు, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కూడా అంతే ప్రమాదం.

క్లినిక్ ప్రయాణం గురించి రెండు మాటలు. గాబాపెంటిన్ అనే మందుని బయలుదేరడానికి రెండు గంటల ముందు తిండిలో కలిపి ఇస్తే భయం చాలా తగ్గుతుంది, ఇది ఇప్పుడు డాక్టర్లు మామూలుగానే రాస్తున్నారు, కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. పైకప్పు ఊడే క్యారియరు అయితే పిల్లిని బయటికి లాగకుండా కింది డొప్పలోనే పరీక్ష చేయించొచ్చు. ఎప్పుడైనా కరిచి పన్ను లోపలికి దిగితే సబ్బుతో బాగా కడిగి ఆ రోజే మనుషుల డాక్టరుకి చూపించుకోవాలి, పైకి చిన్న రంధ్రంలా కనబడే పిల్లికాటు లోపల త్వరగా చీము పడుతుంది, చేతివేళ్ల కీళ్ల దగ్గరైతే మరీను.

నోరు తెరిచి ఎగశ్వాస తీయడం, వెనక కాళ్లు ఒక్కసారిగా చచ్చుబడి చల్లబడి పిల్లి కేకలు పెట్టడం, ఆగకుండా ఫిట్స్ రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, ఇవి కనబడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగేది లేదు.

పెంచేవాళ్ల పరిస్థితి గురించి ఎవరూ అడగరు. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో, మంచం పట్టిన మనుషులని చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచే ప్రశ్నావళినే జబ్బు పెంపుడు జంతువులున్నవాళ్లకి పెట్టి చూశారు. ఆరోగ్యంగా ఉన్న జంతువులున్నవాళ్లతో పోలిస్తే వీళ్లలో భారం, ఒత్తిడి, దిగులు, ఆందోళన ఎక్కువ. ఇందులో వింతేం లేదు, నిద్ర లేదు, ఊరు వెళ్లడానికి లేదు, ఇల్లంతా వాసన, పైగా చేస్తున్న సేవకి బదులు గాట్లు. ఒక్కోసారి ఇది ఎప్పుడు పోతుందా అనిపిస్తుంది, అనిపించినందుకు తర్వాత గంటసేపు బాధపడతారు. అలా అనిపించడం ప్రేమ లేక కాదు, అలసట వల్ల. పని ఒక్కరి మీదే పడుతుంటే ముందు పంచుకోవాల్సింది రాత్రుళ్లని. మందు వేసే మనిషినే పిల్లి శత్రువుగా చూస్తుంది కాబట్టి అదీ వంతులేసుకుంటే మంచిది. వంతులేసుకోవడానికి ఇంకో మనిషి లేని ఇంట్లో మందుల జాబితా ఇంకా చిన్నదవ్వాలి, డాక్టరు ముందు ఆ సంగతి దాచకూడదు.

ఎంతవరకు అన్న ప్రశ్నకి అమెరికన్ వెటర్నరీ డాక్టరు ఆలిస్ విల్లలోబోస్ ఇచ్చిన ఒక కొలత బాగా వాడుకలో ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అన్నది, ఒక్కోదానికి 10 చొప్పున వేసి మొత్తం 35 దాటితే బతుకు ఫరవాలేదని లెక్క. మామూలు పిల్లికి ఇది బాగానే కుదురుతుంది. ముభావి పిల్లికి సంతోషం దగ్గర మార్కులు వేయడం కష్టం, అది ఎప్పుడూ ఒళ్లో కూర్చుని గురగుర అన్నది కాదు కదా. దాని సంతోషం దానికి ప్రత్యేకం, పొద్దున కిటికీ దగ్గర ఎండలో సాగిలపడటం, వేరే పిల్లిని చూసి గుర్రుమనడం, ఎవరికీ చిక్కకుండా బీరువా మీద కూర్చోవడం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది తనంతట తాను చేసే నాలుగు పనులు రాసి పెట్టుకుని, వాటిలో ఎన్ని మిగిలాయో చూస్తే అంకెల కంటే బాగా తెలుస్తుంది. పోట్లాడటం మానేసిందంటే మంచిపిల్ల అయిపోయిందని మురిసిపోకూడదు, ఓపిక అయిపోయి ఉంటుంది. క్యాలెండర్ మీద రోజూ మంచిదో చెడ్డదో ఒక గుర్తు పెట్టినా చాలు, మనసు చేసే మాయ కాగితం చెయ్యదు. ఆ లెక్కలో వైద్యం కోసం పోట్లాడిన రోజుని కూడా చెడ్డరోజుగానే వేయాలి, దాని వైపునుంచి చూస్తే అంతే మరి.

నిద్రపుచ్చడం, అంటే బాధ లేకుండా ప్రాణం పోయేలా మందు ఇప్పించడం, అనే నిర్ణయం దగ్గరపడుతుంటే, కోపిష్టి పిల్లి ఉన్నవాళ్లు కొన్ని విషయాలు ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి, ఆ రోజుకి వదిలేస్తే ఆ ఆఖరి అరగంట కూడా క్యారియరులోకి తోసే పోట్లాటతో పోతుంది. డాక్టరు ఇంటికి వస్తారా, రారంటే కారులోనే ముందు మత్తు ఇస్తారా అని అడగాలి. ఇంటి దగ్గర తిండిలోనో నోట్లోనో ఇచ్చే మత్తుమందు ముందుగా ఇచ్చి పంపుతారేమో కనుక్కోవాలి, చాలాచోట్ల ఇస్తారు. ఆ మత్తు పట్టాక డాక్టరు కండలో గాఢనిద్ర సూది వేస్తారు, పూర్తిగా నిద్రపోయాకే పెంటోబార్బిటాల్ ఇస్తారు, అది మత్తుమందే, మోతాదు ఎక్కువ, నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, తర్వాత ఒకటి రెండుసార్లు ఊపిరి తీసుకున్నట్టు ఒళ్లు కదలొచ్చు, మూత్రం పోవచ్చు, ఇవి ముందే తెలిస్తే అక్కడున్నవాళ్లు హడలిపోరు. రాత్రిపూటో సెలవురోజో అవసరం పడితే ఎక్కడికి ఫోను చెయ్యాలో ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ముట్టుకోనివ్వని పిల్లిని చాలామంది మొదటిసారి తనివితీరా నిమిరేది ఆ మత్తు పట్టాకే, కాబట్టి తొందరగా గది ఖాళీ చెయ్యక్కర్లేని సమయం, క్లినిక్‌లో చివరి అపాయింట్‌మెంట్ లాంటిది, అడిగి పెట్టించుకోవడం మంచిది.